కొత్తగా ప్రభువుని నమ్ముకున్నవాళ్ల పక్కన కూర్చోవడం ఎలా: పాస్టర్లు కాని మనలాంటివాళ్ల కోసం

నేను ఒంగోల్లో మా ఇంటి ముందు గదిలో బట్టలు కుడతాను. బైబిల్ కాలేజీకి వెళ్లలేదు, ప్రసంగాలు చెయ్యను. కానీ చాలా ఏళ్ల నుంచి ఆ మిషన్ పక్కన స్టూలు మీద ఎవరో ఒక చెల్లి, ఒక పెద్దమ్మ బైబిల్ తెరుచుకుని కూర్చుంటానే ఉన్నారు, వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది, నేను చేసిన తప్పులు అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

మన సంఘాల్లో ఎవరన్నా కొత్తగా దేవుళ్లోకి వస్తే ఏం చేస్తాం? చప్పట్లు కొడతాం, బాప్తిస్మం రోజు దండేసి ఫోటో దిగుతాం, చేతిలో ఒక బైబిల్ పెడతాం, ఆ తర్వాత ఆ మనిషి ఆదివారం ఆదివారం వచ్చి వెనక చాప మీద కూర్చుని ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోతా ఉంటది, ఆర్నెల్లకి కనపడదు. అప్పుడు "వెనకబడిపోయింది పాపం" అంటాం. ఆ ఆర్నెల్లలో ఆమె ఇంటికి ఎవరు వెళ్లారు అని ఎవరినీ అడగం.

ఇది పాస్టర్ గారి పని కదా అంటారా

చాలామంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి ముందు ఇది చెప్తా. అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో అని గొప్ప మాటకారి ఉన్నాడు, లేఖనాలు బాగా తెలిసినోడు, ఆయన్ని ఇంటికి తీసుకెళ్లి ఇంకా వివరంగా దేవుని మార్గం చెప్పింది డేరాలు కుట్టుకుని బతికే అకుల, ప్రిస్కిల్ల. కుట్టుపని చేసేదాన్ని కాబట్టి ఆ మాట చదివినప్పుడల్లా నాకు ధైర్యం వస్తది. తర్వాత పౌలుగా పేరు పొందిన సౌలుకి కళ్లు కనపడకుండా పోయినప్పుడు కూడా దేవుడు పేతురుని పంపలేదు, దమస్కులో ఉండే అననీయ అనే ఒక మామూలు శిష్యుణ్ణి పంపాడు, ఆయన భయపడతానే వెళ్లాడు.

మా ప్రాంతం సంగతి చూసినా అంతే. తోలుపని చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య గారు, ఆయన భార్య నాగమ్మ గారు 1866లో బాప్తిస్మం తీసుకుని తమవాళ్లలో ఊరూరా తిరిగి చెప్పారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పుడున్న మిషనరీ క్లౌ దొరగారు, ఆయన ఒక్కడే అంతమందికి వాక్యం నేర్పగలడా? పల్లెల్లో ఉండే బోధకులు, ఇల్లిల్లూ తిరిగిన బైబిల్ స్త్రీలు, వాళ్లు నేర్పారు. మన తాతలు ముత్తాతలు అలా నిలబడ్డారు.

అయితే పాస్టర్ గారికి చెప్పకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. "ఈ చెల్లితో వారానికి ఒకసారి కూర్చుంటున్నానండి" అని ఒక మాట చెప్పండి. నాకు తెలియని ప్రశ్న వస్తే ఆయన్నే అడుగుతా, ఆమెతో కూడా "నాకు తెలియదమ్మా, కనుక్కుని చెప్తా" అనే అంటా. తెలియదని చెప్పినందుకు నన్ను తక్కువ చేసినవాళ్లు ఇంతవరకు లేరు.

1. ఒక్కరినే తీసుకోండి, ఏడాది అనుకోండి

ఒకేసారి పదిమందిని కూర్చోబెడితే అది మీటింగ్ అయిపోద్ది, అందులో నోరున్న ఇద్దరే మాట్లాడతారు. ఒక్కరు, మహా అయితే ఇద్దరు. ఆడవాళ్లతో ఆడవాళ్లు, మగవాళ్లతో మగవాళ్లు కూర్చోవాలి, దీంట్లో మొహమాటం వద్దు, రాత్రిపూట ప్రార్థన పేరుతో ఫోన్ చాటింగులు కూడా వద్దు. 18 ఏళ్లు నిండని పిల్లలైతే వాళ్ల అమ్మానాన్నలకి తెలియకుండా ఏదీ చెయ్యొద్దు.

ఏడాది ఎందుకంటే, ఒక సంక్రాంతి, ఒక దసరా, ఒక క్రిస్మస్, బంధువుల్లో ఒక పెళ్లి, ఒక చావు, ఇంట్లో పెద్దవాళ్ల తద్దినం, ఇవన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఏడాది పడుద్ది. కొత్తగా నమ్ముకున్న మనిషికి ఇవన్నీ మొదటిసారి ఎదురవుతాయి, ప్రతి దాంట్లో "ఇప్పుడు నేనేం చెయ్యాలి" అనే భయం ఉంటది. ఆ మొదటి చుట్టంతా ఒక తెలిసిన మనిషి తోడుంటే చాలు, రెండో ఏడు వాళ్లే నడుస్తారు.

రోజు, టైము ఖాయం చేసుకోండి. నాకు మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలు, ఆ టైముకి అన్నాలు అయిపోయి ఉంటాయి, పిల్లలు ఇంకా స్కూల్లోనే ఉంటారు. హోటల్లో, బట్టల షాపుల్లో చేసేవాళ్లకి ఆదివారమే డ్యూటీ పడుద్ది, వాళ్లకి సెలవు ఏ రోజైతే ఆ రోజు. కువైట్‌లో ఉండే మనవాళ్లు శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే ఆరాధనకి వెళ్తారు, వాళ్లతో ఫోన్లోనే కూర్చోవాలి. ఫోన్లో అయితే అరగంట దాటించొద్దు, అవతల డ్యూటీ చేసి అలసిపోయి ఉంటారు.

2. ముందు వినండి

మొదటి రెండు మూడు సార్లు బైబిల్ కూడా తియ్యను. "ప్రభువు నీకు ఎలా తెలిశాడమ్మా" అని అడిగి టీ పెట్టి వింటా. మనదగ్గర ఎక్కువమంది జబ్బుకి ప్రార్థన చేయించుకుని వచ్చినవాళ్లు, మొగుడి తాగుడు మానాలని వచ్చినవాళ్లు, పిల్లలు పుట్టక వచ్చినవాళ్లు, పెళ్లయి వచ్చాక అత్తగారింటి సంఘానికి అలవాటుపడినవాళ్లు. ఎందుకు వచ్చారో తెలియకపోతే ఏం చెప్పాలో తెలియదు. జబ్బు తగ్గిందని వచ్చిన మనిషి, మళ్లీ జబ్బు వస్తే ఏమనుకుంటది? ఆ మాట మనమే ముందు మాట్లాడాలి, యేసయ్య మన పక్కన ఉంటాడు గానీ కష్టం రానే రాదని ఆయన ఎక్కడా చెప్పలేదని.

ఇక్కడే ఒక గట్టి మాట. ప్రార్థన చేశాం కదా అని బీపీ బిళ్లలు, షుగర్ బిళ్లలు, మూర్ఛ మందులు ఆపమని ఎవరూ చెప్పకూడదు, ఎవరన్నా చెప్తుంటే మీరు అడ్డుపడాలి. టీబీ మందులైతే మామూలుగా ఆరు నెలల కోర్సు, నెమ్మదించిందని మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తది. మందు వేసుకుంటా ప్రార్థన చేసుకోవడం విశ్వాసం తక్కువ కాదు, సువార్త రాసిన లూకా వైద్యుడే కదండీ. మొగుడు కొడుతున్నాడని చెప్తే "సహించు, ప్రార్థన చెయ్యి" అని పంపెయ్యొద్దు. 181 ఆడవాళ్ల హెల్ప్‌లైన్ నంబరు, ప్రాణం మీదకి వస్తే 112, ఈ రెండూ ఆమెకి నోటికి వచ్చేలా చెప్పి, కావాలంటే ఆ రాత్రి మీ ఇంట్లో పడుకోబెట్టుకోండి.

3. మన మాటలు వాళ్లకి ఎలా వినపడతాయో చూడండి

ఇది ఎవరూ పట్టించుకోరు గానీ నాకు చాలా ముఖ్యం అనిపిస్తది. పుట్టుకతో సంఘంలో పెరిగినవాళ్లకి మన భాష మామూలే, కొత్తవాళ్లకి అదే తెలుగు ఇంకోలా వినపడుద్ది.

"పాపం" అంటే మనకి దేవునికి దూరమైన స్థితి. బయట తెలుగులో "పాపం, పిల్లాడు పడిపోయాడు" అంటే జాలి, "పోయిన జన్మలో చేసిన పాపం" అంటే కర్మ. "రక్షణ" అంటే పోలీసు రక్షణ గుర్తొస్తది. "సాక్ష్యం" అంటే కోర్టు. "విశ్వాసం" అంటే కుక్కకున్న విశ్వాసం. "సహవాసం" అనేది చెడు సహవాసం అనేటప్పుడే విన్నారు. "వాక్యం" అంటే బడిలో రాసే వాక్యం. ఒక చెల్లి రెండు నెలలు "మారుమనస్సు" అంటే మనసు మార్చే ఏదో ప్రార్థన అనుకుంది, నేను అడిగితేగానీ బయటపడలేదు. అందుకే ప్రతి వారం ఒక్క మాట తీసుకుని దాన్ని విడమర్చండి, ఒక చిన్న నోట్‌బుక్‌లో ఆమె చేతనే ఆమె మాటల్లో రాయించండి. మారుమనస్సుకి ఆ చెల్లి తర్వాత రాసుకున్నది "వెళ్లే దారి తప్పని తెలిసి వెనక్కి తిరగడం" అని, నేను చెప్పినదానికంటే బాగుంది.

ఒక మాట మాత్రం వాడకండి, "అన్యులు". మనం ప్రార్థనలో అలవాటుగా "అన్యుల మధ్యలో" అంటాం, కొత్తగా వచ్చిన మనిషికి ఆ అన్యులు అంటే కన్నతల్లి, తోడబుట్టినవాళ్లు. వాళ్ల దేవుళ్లని తిట్టడం అంతకన్నా తప్పు. ఎఫెసులో పౌలు మీద అంత అల్లరి జరిగినప్పుడు ఆ ఊరి కరణమే "వీళ్లు మన దేవతను దూషించినవాళ్లు కారు" అని చెప్పాడు, అపొస్తలుల కార్యములు 19:37. మన ఊళ్లో మన గురించి ఆ మాట చెప్పగలిగేలా ఉండాలి.

బైబిల్ విషయానికొస్తే, మనం సంఘంలో చదివే పాత అనువాదం గ్రాంథికంలో ఉంటది, "చెప్పుచుండెను", "గ్రహించుచున్నావా" అంటా. నాకు ఆ భాష అంటే ప్రాణం, కీర్తనలు ఆ భాషలో చదివితేనే నాకు తృప్తి. కానీ కొత్తవాళ్లకి వాడుక తెలుగులో ఉన్న అనువాదం పక్కన పెట్టుకోమని చెప్పండి, ఫోన్లో బైబిల్ యాప్‌లో ఊరికే దొరుకుతాయి. చదువు రానివాళ్లకి తెలుగు ఆడియో బైబిల్ కూడా యాప్‌లో ఉంది, పని చేసుకుంటా వినొచ్చు. మాకు తెలిసిన ఒక పెద్దమ్మకి అక్షరం రాదు, వారమంతా ఒకే అధ్యాయం వింటది, మంగళవారం వచ్చి కథలాగా తిరిగి చెప్తది, నేను మర్చిపోయిన సంగతులు కూడా ఆమె చెప్తది.

4. వారం వారం కూర్చునేటప్పుడు

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, వారానికి ఒకటి చొప్పున నాలుగు నెలలు. ఆదికాండం నుంచి వరసగా చదవమని చెప్తే లేవీయకాండం దగ్గర ఆగిపోతారు, ఇది ఎంతమందిలో చూశానో. ప్రకటన గ్రంథంతో మాత్రం మొదలుపెట్టనివ్వకండి, 666 అనీ శ్రమల కాలం అనీ భయపడిపోయి యేసయ్య ఎవరో తెలియకముందే అంతం గురించి ఆలోచిస్తా కూర్చుంటారు.

మొత్తం ముప్పావుగంట. మొదటి పది నిమిషాలు వారం ఎలా గడిచిందో మాట్లాడుకోవాలి. తర్వాత అధ్యాయం పైకి చదవాలి, ఆమె కొంత, నేను కొంత. తర్వాత నాలుగే నాలుగు ప్రశ్నలు: ఇక్కడ ఏం జరిగింది, యేసయ్య ఏం చేశాడు ఏమన్నాడు, ఇందులో నువ్వు ఎక్కడున్నావు, ఈ వారం దీని గురించి ఏం చేద్దాం. చివర్లో ప్రార్థన. అంతే, మీరు ప్రసంగం చెయ్యొద్దు. మీరు పది నిమిషాలు ఆపకుండా మాట్లాడుతున్నారంటే ఆగిపోండి.

ఒక ఉదాహరణ చెప్తా. మార్కు 5వ అధ్యాయంలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడ్డ ఆవిడ ఉంది. డాక్టర్ల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టి ఇంకా ఎక్కువైపోయింది అని రాసుంది. ఇది చదవగానే మా ఆడవాళ్లు ఎవరూ "ఇందులో నువ్వెక్కడున్నావు" అని అడిగేదాకా ఆగరు, ఎవరికి వాళ్లకి ఆస్పత్రి బిల్లులు గుర్తొస్తాయి. తర్వాత నేను అడుగుతా, ఆవిడ వెనక నుంచి దొంగచాటుగా ఎందుకు ముట్టుకుంది? అప్పుడు వాళ్లకి తట్టుద్ది, నెలసరి అప్పుడు గది మూల కూర్చోబెట్టడం, అది ముట్టుకోకు ఇది ముట్టుకోకు అనడం, పూజగది వైపు రానివ్వకపోవడం. పన్నెండేళ్లు ఆవిడని ఎవరూ ముట్టుకోలేదు. యేసయ్య ఆగి, వెనక్కి తిరిగి, అంత జనంలో ఆవిణ్ణి "కుమారీ" అని పిలిచాడు. తిట్టలేదు, మైలపడ్డాను అనలేదు. అదే అధ్యాయంలో యేసయ్య బాగుచెయ్యడానికి వెళ్తున్న యాయీరు అనే అధికారి కూతురి వయసు కూడా పన్నెండేళ్లే అని చూపించండి, ఆ పాప పుట్టినప్పటినుంచి ఈవిడ బాధ పడతానే ఉంది, పెద్దింటి పాప కోసం పోతా ఈ పేరు లేని మనిషి కోసం ఆగాడు. ఇది చదివిన రోజు ఒక చెల్లి చాలాసేపు మాట్లాడలేదు. నేను కూడా ఏం మాట్లాడలేదు. మిషన్ మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చున్నా. అలాంటప్పుడు మౌనం చెడగొట్టకండి.

మార్కు అయిపోయాక నేను లూకా 15, తర్వాత అపొస్తలుల కార్యములు, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక (నాలుగే అధ్యాయాలు), ఆ తర్వాత అబ్రాహాము దగ్గర నుంచి యోసేపు దాకా, అక్కడి నుంచి నిర్గమకాండం 20 వరకు, ఇలా వెళ్తా. మధ్యమధ్యలో కీర్తనలు, 23, 121, 51, ముఖ్యంగా 13. "ఎన్నాళ్లు నన్ను మర్చిపోతావు" అని దేవుణ్ణి అడగొచ్చా అని ఆశ్చర్యపోతారు, అడగొచ్చు, బైబిల్లోనే రాసుంది.

5. ప్రార్థన

సంఘంలో పెద్దవాళ్లు గుక్క తిప్పుకోకుండా చేసే ప్రార్థన విని కొత్తవాళ్లు "నాకు రాదక్కా" అంటారు. రావాల్సిందేమీ లేదు. నేను చెప్పేది ఒకటే, ఒక థాంక్స్, ఒక తప్పు, ఒక అవసరం, మూడు మాటలు మామూలు తెలుగులో. మీరు కూడా వాళ్ల ముందు అలాగే చిన్నగా చెయ్యండి, మీరు పావుగంట చేస్తే వాళ్లు జన్మలో నోరు తెరవరు. మత్తయి 6లో ప్రభువు నేర్పిన ప్రార్థన వారానికి ఒక వాక్యం చొప్పున నేర్పండి. అనుమానం వచ్చిన రోజుకి మార్కు 9లో జబ్బు పడ్డ కొడుకుని తీసుకొచ్చిన తండ్రి చేసిన ప్రార్థన ఉంది, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అని. అది నేనూ చేస్తా.

6. ఆదివారం

మొదటి నెల ఆమెని మీతోపాటే తీసుకెళ్లి మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. చెప్పులు ఎక్కడ విడవాలి, కొంగు తలమీద ఎప్పుడు వేసుకుంటారు, ఎప్పుడు నిలబడతారు, కానుక సంచి వస్తే వెయ్యకపోయినా ఏమీ అనుకోరని, ఇవన్నీ ముందు రోజే చెప్పండి. ప్రభు బల్ల రోజు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు మరీ ముఖ్యం. చాలా సంఘాల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఇస్తారు, తెలియక చెయ్యి చాపి వెనక్కి తీసుకున్న అవమానం ఒక మనిషిని మళ్లీ రాకుండా చేస్తది. పోయే ముందు ముగ్గురికి పరిచయం చెయ్యండి, ముగ్గురి ఫోన్ నంబర్లు ఆమె దగ్గర ఉండాలి. మీరు ఊళ్లో లేకపోయినా ఆమెకి సంఘం ఉండాలి కదా.

7. బొట్టు, ప్రసాదం, పండగలు

ఎక్కువ గొడవలు ఇక్కడే అవుతాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతా.

మొదటి వారమే "బొట్టు తియ్యి, గాజులు తియ్యి, పూలు మానెయ్యి" అని లిస్టు చదవడం మన దగ్గర చాలాచోట్ల జరుగుద్ది. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. మన తెలుగు ఇళ్లల్లో బొట్టు తియ్యడం అంటే ఏంటో మనకి తెలియదా? మొగుడు బతికుండగానే కోడలు బొట్టు తీసేసిందంటే ఆ అత్తగారికి అది మతం మార్పులా కనపడదు, తన కొడుకు చావు కోరినట్టు కనపడుద్ది. ఈ విషయంలో ఒక్కో సంఘానికి ఒక్కో పద్ధతి ఉంది, మీ సంఘం పద్ధతి నేను కాదనను. నేను చేసేది ఏంటంటే, 1 పేతురు 3 మొత్తం చదివిస్తా, నగలు, అలంకారం గురించి ఉన్న మూడో వచనం ఒక్కటే కాదు, నమ్మని భర్త ఉన్న భార్య మాట లేకుండా నడవడితోనే అతన్ని గెలుచుకోవాలని మొదట్లోనే ఉంది కదా, అది కూడా. చదివాక ఆమెకి టైము ఇస్తా. ఆమె మనసులో తేలిన రోజు ఆమె నిర్ణయించుకుంటది, అప్పటిదాకా ఎవరన్నా ఆమె నుదురు చూసి మాట్లాడితే నేను పక్కకి పిలిచి చెప్తా.

ప్రసాదం సంగతి 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు రెండూ కలిపి చదవాలి. ఒకదాంట్లో పౌలు విగ్రహం వట్టిది అంటాడు, ఇంకోదాంట్లో దాని బల్లలో పాలు పంచుకోవద్దంటాడు, రెంటిలో కూడా పక్కవాడి మనసు చూడమంటాడు. నేను తీసుకోను. తీసుకోననేటప్పుడు రెండు చేతులు జోడించి "ఏమనుకోకు పిన్నీ" అని చెప్పడం నేర్పుతా, మొహం తిప్పుకోవడం కాదు. పక్కింటావిడ ప్రేమతో గిన్నెలో తెచ్చింది, ఆ ప్రేమని మనం తోసెయ్యకూడదు, ఇంకోరోజు మనమే కూర వండి ఆ గిన్నెలో పెట్టి పంపాలి.

సంక్రాంతికి పుట్టింటికి వెళ్లనా మాననా అని అడుగుతారు. వెళ్లమనే చెప్తా. అమ్మ పక్కన కూర్చుని అరిసెలు వత్తడంలో తప్పేముంది? పూజ దగ్గర కూర్చోలేనని ముందే ఫోన్లో అమ్మకి నెమ్మదిగా చెప్పుకుని, మిగతా పనంతా ఇంకో ఇద్దరి పని చెయ్యమంటా. తద్దినం రోజు వంటింట్లో సాయం చెయ్యి, వచ్చినవాళ్లకి వడ్డించు, తాతయ్య గురించి మంచి మాటలు నలుగురికీ చెప్పు. తల్లిదండ్రుల్ని సన్మానించమన్న ఆజ్ఞ, వాళ్లు నమ్మితేనే అని ఎక్కడా లేదు. నమ్మని భర్తని, భార్యని వదిలెయ్యమని ఎవరన్నా చెప్తే 1 కొరింథీయులకు 7:12, 13 చూపించండి, వాళ్లు కలిసి ఉండటానికి ఇష్టపడితే వదలొద్దని పౌలు సూటిగా రాశాడు.

అలాగే క్రిస్మస్‌కి ఆమె ఇంట్లోవాళ్లందర్నీ భోజనానికి పిలవమనండి, వంట మీరు వెళ్లి చేసిపెట్టండి. ఆ రోజు ప్రసంగం ఏమీ వద్దు.

8. బాప్తిస్మం, కాగితాలు

తొందరపెట్టొద్దు. ఎవరి టార్గెట్ కోసమో, ఎవరి రిపోర్టు కోసమో కాదు. ఆమె అంతట ఆమె అడగాలి, ఎందుకో సొంత మాటల్లో చెప్పగలగాలి, భర్తకి అమ్మానాన్నలకి ఆమే చెప్పాలి. మిగతాది పాస్టర్ గారి పని.

ఎస్సీ కుటుంబాలకి ఒక సంగతి ముందే తెలియాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద ఎస్సీ హోదా హిందువులకి, తర్వాత చేర్చిన సిక్కులకి, బౌద్ధులకి మాత్రమే. క్రైస్తవులైన ఎస్సీలు ఆంధ్రాలో బీసీ-సి, అంటే వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు కింద వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం వీటి మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి మంచి లాయర్‌ని కలిసి కనుక్కోమనండి. ఈ చట్టం అన్యాయం అని నాకూ బాధే. అయినా ఆ సంగతి దాచి బాప్తిస్మం ఇప్పించడం, కాగితాల్లో ఒకటి బయట ఒకటి ఉండమని నేర్పడం రెండూ చెయ్యకూడదు, కొత్త జీవితం మొదట్లోనే అబద్ధం ఎలా నేర్పుతాం?

9. డబ్బు

ఆకలిగా ఉంటే అన్నం పెట్టండి, పిల్లల ఫీజుకి తక్కువైతే చేతనైనంత ఇవ్వండి, కానీ దాన్ని సంఘానికి రావడంతో, బాప్తిస్మంతో ముడిపెట్టొద్దు. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్లు తవ్వే పని కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు, ఆ కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశారు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. గుండ్లకమ్మ దగ్గర అంతమంది ఒకేసారి దిగారంటే అన్నాళ్లు ఆగి ఉన్నారు కాబట్టే.

దశమభాగం, అంటే సంపాదనలో పదోవంతు కానుక ఇవ్వడం గురించి మొదటి ఏడాది నేను నోరెత్తను. అప్పు తీర్చమంటా, వడ్డీకి తెచ్చి కానుక వెయ్యొద్దంటా. యూట్యూబ్‌లో నూనె సీసాలు, ప్రార్థన గుడ్డలు, ఇంత పంపితే అంత వస్తది అనేవాళ్లు కనపడతారు, అలాంటి వీడియో వస్తే నాకు చూపించమంటా, ఇద్దరం కలిసి చూసి "మార్కులో యేసయ్య ఎవరి దగ్గరన్నా డబ్బు తీసుకుని బాగుచేశాడా" అని అడుగుతా. ఆమే జవాబు చెప్పుద్ది.

10. నోరు కట్టుకోండి

ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. కొన్నేళ్ల కిందట ఒక చెల్లి నమ్ముకుని మూడు నెలలు కాలేదు, ఎంత బాగా ఎదుగుతుందో అని ఉత్సాహంతో నేనే ఆమెని సాక్ష్యం చెప్పమని, అంటే ప్రభువు తనకేం చేశాడో సంఘం ముందు చెప్పమని ముందుకి తోశాను. ఆమె మైకు పట్టుకుని భర్త గురించి, అత్త గురించి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎవరో ఫోన్లో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, రెండు రోజుల్లో అది వాళ్ల అత్తగారింటికి చేరింది. నాలుగు నెలలు ఆమెని గడప దాటనివ్వలేదు. తప్పు వీడియో తీసినవాళ్లది అని చాలారోజులు అనుకున్నా, కానీ తోసింది నేను. తర్వాత వాళ్ల అత్తగారి దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను, ఆవిడ కూర్చోమని కూడా అనలేదు, అయినా వెళ్లడం మంచిదైంది.

అప్పటినుంచి ఏడాది దాటేదాకా ఎవర్నీ మైకు దగ్గరికి పంపను. ఫోటో, వీడియో ఆమె సరేనంటేనే. ఆమె నాతో చెప్పింది "ప్రార్థన విషయం" అనే పేరుతో ఇంకొకరికి చెప్పను, మన సంఘాల్లో సగం చాడీలు ఆ పేరుతోనే తిరుగుతాయి. పాస్టరమ్మ గారికి చెప్పాల్సి వచ్చినా ఆమెని అడిగే చెప్తా.

11. ఆమె ఇంకొకరి పక్కన కూర్చునేలా

1912లో దోర్నకల్‌కి బిషప్ అయిన అజరయ్య గారు, బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టించి "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అనిపించేవారు. పొలం కూలీలు, చదువు రానివాళ్లు అందరి చేతా. నేర్చుకున్న రోజే ఇచ్చేవాళ్లు కూడా అవ్వాలని ఆయన ఉద్దేశం.

మార్కు సగం అయ్యేసరికి నేను ఒక చిన్న పని మొదలుపెడతా. ఈ వారం విన్న కథ ఇంట్లో పిల్లలకి రాత్రి పడుకునేటప్పుడు చెప్పు అంటా. తర్వాత వారం నాలుగు ప్రశ్నలు ఆమె అడుగుద్ది, నేను జవాబు చెప్తా. ఏడాది చివరికి ఎవరన్నా కొత్త మనిషి వస్తే ఇద్దరం కలిసి కూర్చుంటాం, మెల్లగా నేను జాకెట్టు కుట్టుకుంటా పక్కకి జరుగుతా. ఆమె తప్పు చెప్పినా అక్కడ సరిదిద్దను, తర్వాత ఒంటరిగా చెప్తా.

12. రావడం మానేస్తే

మానేస్తారు, అందరూ కాదు గానీ కొంతమంది. మొదటి వారం ఫోన్ చెయ్యండి, ఎత్తకపోతే తిట్టే మెసేజ్ పెట్టకండి, దేవుడు శిక్షిస్తాడనే మాట అసలు అనొద్దు. రెండో వారం కాసిని కూరగాయలో, పిల్లలకి బిస్కెట్లో పట్టుకుని ఇంటికి వెళ్లి గుమ్మంలో పది నిమిషాలు మాట్లాడి వచ్చేయండి, ఎందుకు రాలేదని అడగొద్దు, ఇంట్లో పరిస్థితి మీకే కనపడుద్ది. ఇంట్లోవాళ్లు రావద్దంటే వెళ్లకండి, దూరం నుంచే ప్రార్థన చెయ్యండి. పండక్కి, పిల్లల పుట్టినరోజుకి ఒక ఫోన్. అంతకుమించి వెంటపడొద్దు.

నేను ఆమె నోట్‌బుక్ బయట పడెయ్యను. ఆ నాలుగు నెలలు గడప దాటనివ్వని చెల్లి నోట్‌బుక్ నా మిషన్ సొరుగులోనే ఉంచా, మార్కు 9 దగ్గర కుట్టుదారం ముక్క గుర్తు పెట్టి. ఆమె వచ్చినరోజు మంగళవారం కూడా కాదు, గురువారం, పెళ్లి జాకెట్లు అర్జెంటుగా ఉన్నాయి. ఏం అడగలేదు, టీ పెట్టా, సొరుగు లాగి పుస్తకం ఇచ్చా, పదో అధ్యాయం చదవడం మొదలుపెట్టింది.